మ్యూజియంలో మన వంటిల్లు

మ్యూజియం అనగానే మనకు గుర్తొచ్చేదేమిటి? రాజుల కత్తులు, ముక్కు విరిగిన విగ్రహాలు, చదవడానికి రాని శాసనాలు, "ముట్టుకోరాదు" అన్న బోర్డులు. పిల్లలు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పరుగెత్తుతుంటారు. మగవాళ్లు ఫిరంగి దగ్గర ఆగిపోతారు. మనమేమో తెచ్చిన టిఫిన్ డబ్బా విప్పడానికి చెట్టునీడ ఎక్కడుందా అని చూస్తుంటాం. అవునా, కాదా?

ఈసారి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. రాజుల గది దాటి, ఎవరూ ఎక్కువసేపు నిలబడని ఆ మూల అద్దాల బీరువా దగ్గరికి వెళ్లండి. అందులో మధ్యలో గుంటపడిన ఒక రాయి, దాని మీద పొడుగాటి ఇంకో రాయి, నాలుగు కుండపెంకులు, చిన్న గాజు గిన్నెలో మాడిన గింజలు ఉంటాయి. "నవీన శిలాయుగం" అని చీటీ అంటించి ఉంటుంది. ఆ చీటీ సంగతి అలా ఉంచండి. అది వంటిల్లు! నాలుగు వేల ఏళ్లనాటి ఒక ఇల్లాలి వంటిల్లు. దాన్ని చదవడానికి చరిత్రలో డిగ్రీ అక్కర్లేదు. రోట్లో పచ్చడి నూరినవాళ్లకు, చేటలో పప్పు చెరిగినవాళ్లకు అది ఇట్టే అర్థమవుతుంది.

మన పక్కనే ఉన్న చరిత్ర

పాత నాగరికత అంటే ఈజిప్టు, మొహెంజొదారో అనే అనుకుంటాం. ఈజిప్టు చూడాలంటే విమానమే ఎక్కనక్కర్లేదు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియంలో రెండు వేల ఏళ్లు పైబడిన ఒక ఈజిప్టు అమ్మాయి మమ్మీ ఉంది. 1930 నుంచీ అక్కడే ఉంది. పిల్లలకు తప్పకుండా చూపించండి. అయితే అంతకంటే పాత కథ ఒకటి మా కణేకల్ పక్కనే ఉంది.

మా కణేకల్ గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. అనంతపురం జిల్లాలో, కర్ణాటక పొలిమేరలో ఉంటుంది. ఒకపక్క పెద్ద చెరువు, ఒకపక్క తుంగభద్ర కాలువ. ఇంకోపక్క హగరి. దీన్నే వేదవతి అని కూడా అంటారు. ఏటిలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. ఈదురుగాలికి ఆ ఇసుక లేచి చేలమీద మేటలు వేస్తుంది. "మీది ఎడారంట కదా" అని చుట్టాలు వేళాకోళం చేస్తుంటారు. ఇంట్లో తెలుగు, సంతలో సగం కన్నడం. అందుకు కారణం ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మా రాయదుర్గం తాలూకా బళ్లారి జిల్లాలోనిదే. గీత మధ్యలో వచ్చింది గానీ నేల ఒకటే, రాళ్లు ఒకటే, తిండీ ఒకటే.

ఆ బళ్లారి ఊరికి ఆనుకున్నట్టే సంగనకల్లు, కుప్పగల్లు అని రెండు పేర్లు వినిపిస్తాయి. అక్కడి కొండల మీద క్రీస్తుకు రెండువేల ఏళ్లకు మునుపే మనుషులు ఇళ్లు కట్టుకుని, పశువులను మేపుకుంటూ, పంట పండించుకుంటూ బతికారు. రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే ఆయన భూగర్భశాఖ ఉద్యోగి. రాళ్లు పరీక్షించే పనిమీద ఈ ప్రాంతమంతా తిరుగుతూ ఆ పాతకాలపు రాతి పనిముట్లను గుర్తించాడు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో రాతి గొడ్డలి దొరికిందీ ఆయనకే. ఆ తర్వాత 1940ల్లో సుబ్బారావు, 1960ల్లో అన్సారీ, నాగరాజరావు, ఈమధ్య కాలంలో రవి కొరిసెట్టర్, నికోల్ బోవిన్, డోరియన్ ఫుల్లర్ వంటి పరిశోధకులు అక్కడ పనిచేశారు. బళ్లారిలో ఫూట్ పేరుతో, సంగనకల్లు పేరుతో ఒక మ్యూజియమే ఉంది. మన అనంతపురంలోనూ జిల్లా పురావస్తు మ్యూజియం ఉంది. హంపికి వెళ్తే కమలాపురం మ్యూజియం చూడకుండా రాకండి. హంపి మొత్తాన్ని చిన్నదిగా చేసి పెట్టిన నమూనా అక్కడ ఉంది. అది చూసి గుళ్లకు వెళ్తే ఏది ఎక్కడో పిల్లలకు చక్కగా తెలుస్తుంది.

రాయిని చదవడం

మొన్నామధ్య మా అత్తగారిని ఒక మ్యూజియానికి తీసుకెళ్లాం. ఆమె బడికి వెళ్లలేదు. అక్కడి కుర్రాడు ఓపిగ్గా ఒక్కొక్కటీ వివరిస్తున్నాడు. నూరుడు రాయి దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగి, "ఏమప్పా, దీన్ని నూరినామె ఎట్ల కూసునేది?" అని అడిగింది. ఆ అబ్బాయి ఆలోచనలో పడ్డాడు. ఆమే చెప్పింది: "ఈ కొసన ఎక్కువ అరిగింది సూడు. మోకాళ్లూని, ముందుకు వంగి, రెండు చేతుల్తో తోసింటాది." ఆ అబ్బాయి నోటుబుక్కు తీసి రాసుకున్నాడు!

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఇసుర్రాయి, అంటే గుండ్రంగా తిప్పే తిరగలి, చాలా తర్వాత వచ్చింది. అంతకుముందు ప్రపంచమంతటా ఆడవాళ్లు నూరింది ఈ పడవలాంటి రాతి మీదే. మొహెంజొదారోలో ఇవి దొరికాయి. ఈజిప్టు సమాధుల్లోనైతే మోకాళ్లమీద కూర్చుని ధాన్యం నూరుతున్న స్త్రీల బొమ్మలే దొరికాయి. రాజుగారికి పరలోకంలో రొట్టెలు కావాలి కదా, పిండి ఎవరు చేస్తారు మరి?

ఆ నూరుడు ఎంత కష్టమో ఎముకలే చెప్పాయి. సిరియాలో అబు హురేరా అనే పాత ఊరుండేది. కొత్తగా కట్టిన ఆనకట్ట నీళ్లలో మునిగిపోబోతుంటే 1972, 1973 సంవత్సరాల్లో హడావిడిగా తవ్వి కొంత దక్కించుకున్నారు. అక్కడి అస్థిపంజరాలను లండన్‌లో థియా మాలెసన్ అనే పరిశోధకురాలు పరీక్షించింది. కాలి బొటనవేళ్ల కీళ్లు అరిగిపోయి, మోకాళ్లు, నడుము దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. అవి ఎక్కువగా ఆడవాళ్ల ఎముకలే. రోజుకు కొన్ని గంటలపాటు బొటనవేళ్లు మడిచి, మోకాళ్లమీద కూర్చుని నూరడమే కారణమని ఆమె తేల్చింది. ఏ శాసనంలోనూ ఈ సంగతి లేదు. వేల ఏళ్లు పిండి విసిరి ఊళ్లను నిలబెట్టిన ఆడవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. వాళ్ల మోకాళ్లే వాళ్ల శాసనాలు!

మనకు మిక్సీ, గ్రైండరూ వచ్చి ఎన్నాళ్లయింది చెప్పండి? మన అమ్మమ్మల దాకా ఆ మోకాళ్ల నొప్పి వాళ్లదే కదా.

కుండలో ఏమి ఉడికేది?

మన ప్రశ్న ఎప్పుడూ ఇదే కదా: "ఇంతకీ ఏం వండుకున్నారు?" దీనికీ జవాబు దొరికింది. దాన్ని పట్టుకున్న పద్ధతి వింటే మీకు నవ్వొస్తుంది. మనం పప్పు కడిగేటప్పుడు పొట్టు, పుచ్చుగింజలు పైకి తేలతాయి కదా, అదే పద్ధతి. తవ్విన మట్టిని నీళ్లలో వేసి కలుపుతారు. పొయ్యిలో పడి మాడి బొగ్గయిన గింజలు తేలికగా ఉంటాయి గనుక పైకి తేలతాయి. సన్నటి జల్లెడతో వాటిని తీసి, నీడన ఆరబెట్టి, భూతద్దం కింద చూస్తారు. నాలుగు వేల ఏళ్ల కిందట పొరపాటున పొయ్యిలో పడిన గింజ ఈరోజు సాక్ష్యమయింది.

అలా బయటపడినవేమిటో తెలుసా? ఉలవలు, పెసలు, అండుకొర్రలు! కొర్రకు దగ్గరి చుట్టమైన మరో గడ్డిగింజ కూడా ఉంది. ఇవన్నీ వానపంటలు. తక్కువ నీటితో, ఎర్రనేలలో, రాళ్ల మధ్య బతికేవి. ఎక్కడినుంచో తెచ్చుకున్నవి కావు, మన దక్షిణాదిలోనే మనిషి చేతికి లొంగిన పంటలని పరిశోధకుల అభిప్రాయం. గోధుమ, బార్లీ తర్వాత వచ్చాయి. కందులు కూడా కాస్త ఆలస్యంగానే ఇక్కడికి చేరాయి.

ఇక వాళ్ల వంటింట్లో లేనివి చెప్పనా? మిరపకాయ లేదు. టమోటా లేదు. ఆలుగడ్డ లేదు. మన జిల్లాకు పేరు తెచ్చిన శెనక్కాయ లేదు. ఇవన్నీ అమెరికా ఖండపు పంటలు. 1492 తర్వాత, సముద్రాలు దాటి వచ్చినవి. మన సంగటికి ప్రాణమైన రాగి, రొట్టెకు ప్రాణమైన జొన్న ఆఫ్రికానుంచి వచ్చి మనవైపోయాయి. శెనక్కాయ పచ్చడి, ఎర్రకారం లేని రాయలసీమ భోజనాన్ని ఊహించండి చూద్దాం!

కరువు వచ్చినప్పుడల్లా మన పెద్దలు ఉలవల వైపు, కొర్రల వైపు చూశారు. వాన వెనకబడితే ఇంకేమీ వేయలేని చేలో చివరికి ఉలవలే చల్లేవాళ్లు. "పశువుల తిండి" అని మనం చిన్నచూపు చూసిన ఆ గింజ ఈ నేలకు మొదటి పంటల్లో ఒకటన్నమాట. అండుకొర్రలు మన జిల్లాలోనూ, పక్కనున్న తుమకూరు, చిత్రదుర్గం వైపూ ఇప్పటికీ పండిస్తున్నారు.

పిల్లలకు ఆ రుచి చూపించాలంటే: ఒక గ్లాసు ఉలవలు ఏరి, కడిగి, రాత్రంతా నానబెట్టండి. పొద్దున నీళ్లు మార్చి, కుక్కర్లో మెత్తగా ఉడికించండి. కట్టు వంచి చారుకు దాచుకోండి. గుగ్గిళ్లలో ఉప్పు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు కలపండి. మిరపకాయ మాత్రం వేయకండి. "ఈ గింజ నాలుగువేల ఏళ్లనుంచి మన దగ్గరే ఉంది" అని చెప్పి పెట్టండి. మ్యూజియం చూసొచ్చిన సాయంత్రం పెడితే ఇంకా బాగుంటుంది.

బూడిద దిబ్బల కథ

బళ్లారి, అనంతపురం, కర్నూలు, రాయచూరు వైపుల్లో అక్కడక్కడా పెద్ద పెద్ద బూడిద దిబ్బలు ఉన్నాయి. హంపి దగ్గర నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన చోటుగా చెప్పుకుంటారు. ఇంకొన్నింటిని రాక్షసుల చితులన్నారు. అంత బూడిద ఎక్కడినుంచి వచ్చిందో తెలియక మన పెద్దలు అల్లుకున్న కథలవి. కథలు అందమైనవే, కాదనను.

అసలు సంగతి మన పశువుల కొట్టంలో ఉంది. అది ఆవుపేడ బూడిద! పేడ అయి ఉంటుందని ఫూట్ ముందే ఊహించాడు. తర్వాత ప్రయోగశాల పరీక్షల్లోనూ అదే తేలింది. మందలను ఒకచోట కట్టేవాళ్లు. ఆ పేడ ఏళ్ల తరబడి పేరుకునేది. దాన్ని అప్పుడప్పుడూ తగలబెట్టేవాళ్లు. ఆ వేడికి బూడిద కొన్నిచోట్ల కరిగి గాజులా గడ్డకట్టింది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అని ఒక ఊరుంది. ఆదిలాబాద్ ఉట్నూరు వేరు, ఇది వేరు. అక్కడి దిబ్బను 1957లో ఆల్చిన్ తవ్వినప్పుడు బూడిద పొరల్లో పశువుల గిట్టల ముద్రలు చెక్కుచెదరకుండా కనిపించాయి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన అడుగులు! కన్నడ దేశంలో కొన్నిచోట్ల సంక్రాంతినాడు పశువులను మంట దాటిస్తారు. ఆ పాత మంటలకు, మన పండుగ మంటలకు ఏదో సంబంధం ఉందని ఆల్చిన్ అభిప్రాయం.

మన జిల్లాలోనే, కళ్యాణదుర్గం వైపు పాలవాయిలో ఇలాంటి బూడిద దిబ్బ స్థలం ఉంది. వి. రామిరెడ్డి గారు దాన్ని పరిశోధించి 1976లో ఇంగ్లీషులో పుస్తకం వేశారు.

బాధ కలిగించే విషయమేమిటంటే, ఈ దిబ్బల్లో చాలావాటిని బండ్లకెత్తి చేలకు ఎరువుగా తోలేశారు. రైతును తప్పుపట్టలేం. బూడిద మంచి ఎరువు. అదేమిటో అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పివుంటే ఒక్క దిబ్బనైనా ఉంచేవాడేమో!

కుప్పగల్లు కొండ కథ కూడా ఇలాంటిదే. అక్కడి నల్లరాళ్ల మీద ఎద్దుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. కొన్ని బండలను చిన్న రాయితో కొడితే గంటలా ఖణేల్‌మని మోగుతాయి. కొట్టి కొట్టి గుంటలు కూడా పడ్డాయి. ఈ సంగతి ఫాసెట్ అనే ఆయన 1892లోనే రాశాడు. ఆ కొండనూ రాతి క్వారీ వదల్లేదు. కంకర కోసం కొన్ని రాళ్లు పగిలిపోయాక గానీ వాటి విలువ నలుగురికీ తెలియలేదు. పగిలిన బండ మళ్లీ మోగదు కదా.

ఇంకొక్క మాట. ఆ కాలపు కొన్ని ఊళ్లలో, చనిపోయిన పసిపిల్లలను కుండలో పడుకోబెట్టి ఇంటి నేలలోనో, ఇంటి పక్కనో పూడ్చిన ఆనవాళ్లు దొరికాయి. బళ్లారి వైపు తెక్కలకోటలో కూడా. బిడ్డను దూరంగా పంపలేక దగ్గరే ఉంచుకున్నదేమో ఆ తల్లి. మ్యూజియంలో అలాంటి కుండ కనిపిస్తే పిల్లలు గోల చేయకుండా చూడండి. ఒక్క నిమిషం మౌనంగా నిలబడండి.

మ్యూజియానికి వెళ్లేటప్పుడు

* చాలా మ్యూజియాలకు వారంలో ఒకరోజు సెలవు. ఎక్కువచోట్ల అది శుక్రవారం. ముందే కనుక్కుని బయల్దేరండి.

* ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినం, నవంబర్ 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారం. ఈ రోజుల్లో చాలాచోట్ల ప్రసంగాలు, ప్రత్యేక ప్రదర్శనలు పెడతారు. పేపర్లో జిల్లా పేజీ చూస్తుండండి.

* అన్నీ ఒకేరోజు చూసేయాలనుకోకండి. ఒక గది, పది వస్తువులు చాలు. కాళ్లు నొప్పులు పుట్టాక చూసింది ఏదీ గుర్తుండదు.

* పిల్లలకు ఒక్కో పని అప్పజెప్పండి. "వంటకు పనికొచ్చే మూడు వస్తువులు వెతుకు" అంటే బీరువాలన్నీ గాలిస్తారు. నచ్చిన వస్తువు బొమ్మ గీయమనండి.

* ప్రసంగం ఉంటే ముందు వరసలో కూర్చోండి. చివర్లో "ప్రశ్నలున్నాయా?" అన్నప్పుడు మొహమాటపడకండి. మూడు ప్రశ్నలు చాలు: ఇది ఎవరు వాడారు? దీంతో ఏం చేశారు? ఇది ఎక్కడ దొరికింది? మొదటి ప్రశ్నకు చాలాసార్లు "ఆడవాళ్లు" అన్న జవాబే వస్తుంది.

* ఇంట్లో పెద్దావిడ ఉంటే తప్పకుండా వెంట తీసుకెళ్లండి. చీటీలో రాయనిది ఆమె చెబుతుంది.

ఇంటికొచ్చాక

మన ఊళ్లలో బీరువాకెక్కని మ్యూజియాలు ఎన్నో ఉన్నాయి. గుడి ముందు వీరగల్లు, చెరువుకట్ట మీది శాసనం, కొండబండ మీద నూరిన గుంటలు, చేలో నాగలికి తగిలిన కుండపెంకు. గుప్తనిధులున్నాయన్న పుకారుతో రాత్రిపూట వాటిని పగలగొట్టేవాళ్లు ఉన్నారు. నిధి దొరికిందో లేదో గానీ ఊరి చరిత్ర మాత్రం పోతుంది. పొలంలో పాతకాలపు వస్తువులు దొరికితే అధికారులకు తెలపాలని 1878 నుంచీ చట్టం ఉంది. ఎమ్మార్వో ఆఫీసులో చెప్పినా చాలు. దాన్ని కడిగి, రుద్ది, తళతళలాడించకండి. అది దొరికిన చోటు, అంటుకున్న మట్టి కూడా సాక్ష్యాలే. మాడిన గింజ దొరికింది ఆ మట్టిలోనే కదా!

ఇక మన పెరట్లో బోర్లించి పెట్టిన రోలు, ఇసుర్రాయి, సన్నికల్లు సంగతి. అడ్డమని పాతసామాన్లవాడికి ఇచ్చేయకండి. మీ అత్తగారినో, అమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి: దీన్ని ఎక్కడినుంచి తెచ్చారు? ఎవరు గంట్లు కొట్టారు? దీనిమీద ఏం విసిరేవాళ్లు? విసురుతూ ఏం పాడేవాళ్లు? ఆ జవాబులను పిల్లల పాత నోటుబుక్కులో తారీకు వేసి రాయించండి. సంగనకల్లు ఆమెను ఈ ప్రశ్నలు అడగడానికి మనకు వీల్లేదు. ఆమె రాయి దొరికింది గానీ మాట దొరకలేదు. మన ఇంటి ఆమె మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. వినిపిస్తున్నప్పుడే రాసుకుందాం.